బ్యాట్‌మన్ పాత సీరియల్‌లో గోడ ఎక్కే సీన్ ఎలా తీశారు? మనం తీయాలంటే ఏమేం కావాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 1966 నాటి అమెరికన్ టీవీ సీరియల్ 'బ్యాట్‌మన్'లో బుక్‌వర్మ్ అనే దొంగ వచ్చే ఎపిసోడ్ చూశారు. బ్యాట్‌మన్, అతని తోడు హీరో రాబిన్ తాడు పట్టుకుని భవనం గోడ మీద అడుగులేసుకుంటూ పైకి పోతుంటే, మధ్యలో కిటికీ తెరుచుకుని ఒకాయన తల బయటపెట్టి పలకరిస్తాడు. దాన్ని ఎలా తీశారు, కాలేజీ షార్ట్ ఫిల్మ్ కోసం ఫోన్‌తో అలాంటిది తీయొచ్చా, ఎక్కడ దొరికిపోతాం అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, ఎవరూ గోడ ఎక్కలేదు. గోడను నేల మీద పరిచారు, కెమెరాను పక్కకి 90 డిగ్రీలు తిప్పారు, నటులు ముందుకు వంగి తాడు లాగుతున్నట్టు నటిస్తూ నడిచారు. కేప్‌లు (భుజాల నుంచి వెనక వేలాడే గుడ్డలు) కిందికి వేలాడుతున్నట్టు కనిపించడానికి సన్నటి తీగలతో వెనక్కి లాగి పట్టారు. ఫోన్‌తో మీరూ తీయొచ్చు. ఖర్చంతా చెక్కబల్లలకీ తాడుకీ రంగుకీ అవుతుంది.

అయితే కెమెరా తిప్పడం ఇందులో చాలా చిన్న పని. అసలు పనంతా వేలాడే వస్తువులతోనే. తెర మీద 'కింద' అన్నది ఒక దిక్కు, స్టూడియోలో భూమి లాగే 'కింద' ఇంకో దిక్కు. బట్ట, తాడు, జుట్టు, నీడ, నటుడి ఒంటి బరువు అన్నీ భూమి మాటే వింటాయి. వాటిలో ప్రతిదాన్నీ తెర దిక్కుకి మళ్ళించాలి. ఒక్కటి మర్చిపోయినా చూసేవాడికి కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని అనిపిస్తుంది.

ముందు ఆ ఎపిసోడ్ గురించి కొంచెం, ఎందుకంటే ఆ సీన్ ఎందుకలా పండిందో తెలిస్తేనే మీ స్క్రిప్టులో ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. అది మొదటి సీజన్‌లోది. ఏబీసీ ఛానల్‌లో 1966 ఏప్రిల్ 20న ఒక భాగం, 21న రెండో భాగం వచ్చాయి. మొదటి రెండు సీజన్లలో ఆ సీరియల్ పద్ధతే అది: బుధవారం కథ మొదలుపెట్టి హీరోలను చావు అంచున వదిలేస్తారు, గురువారం అదే సమయానికి మిగతాది చూపిస్తారు. బుక్‌వర్మ్‌గా వేసింది రాడీ మెక్‌డవల్. లోకంలోని పుస్తకాలన్నీ చదివేసి, సొంతంగా ఒక్క కథ కూడా రాయలేక, నేరాలను కూడా పుస్తకాల నుంచే ఎత్తుకొచ్చే మనిషి. మొదటి భాగం చివర రాబిన్‌ని ఒక గడియార స్తంభంలోని పెద్ద గంట నాలుకకి కట్టేస్తారు. డైరెక్టర్ లారీ పియర్స్.

కిటికీలోంచి తల పెట్టినాయన జెర్రీ లూయిస్, అప్పటికి అమెరికాలో చాలా పేరున్న కమెడియన్. అలా కిటికీలో ప్రముఖులు కనిపించడం ఆ సీరియల్‌లో అదే మొదలు. జనానికి నచ్చింది కాబట్టి తర్వాత అదో ఆనవాయితీ అయింది. శామీ డేవిస్ జూనియర్, డిక్ క్లార్క్, ఎడ్వర్డ్ జీ. రాబిన్‌సన్ లాంటివాళ్ళు వచ్చారు. 'గ్రీన్ హార్నెట్' సీరియల్ నుంచి వాన్ విలియమ్స్‌తో కలిసి కేటో వేషంలో బ్రూస్ లీ కూడా అలాంటి కిటికీలోంచే తొంగిచూశాడు. 1966 క్రిస్మస్ వారంలో శాంటాక్లాజ్ కూడా తగిలాడు. గోడ ఎక్కడం మాత్రం అంతకుముందే ఉంది. 1966 జనవరి 12న వచ్చిన మొట్టమొదటి ఎపిసోడ్‌లోనే రిడ్లర్ అనే విలన్‌ని పట్టుకోవడానికి ఒక ఆర్ట్ గ్యాలరీ గోడ ఎక్కి కిటికీలోంచి చూస్తారు. లోపల రిడ్లర్ చేతిలో ఉన్నది తుపాకీ అనుకుని దూకి పట్టుకుంటే అది సిగరెట్ లైటర్. ఆ పొరపాటు అరెస్టు మీదే కథంతా నడుస్తుంది. కాబట్టి గోడ ఎక్కడం అక్కడ అలంకారం కాదు, కథకి అవసరం. మీ సినిమాలో కూడా పైకెళ్ళాక ఏదో ఒకటి తేలేలా చూసుకోండి.

వారానికి రెండు అరగంటల ఎపిసోడ్లు ఇవ్వాల్సిన టీవీ యూనిట్‌కి ఈ పద్ధతి ఎందుకు కుదిరిందో ఊహించడం కష్టం కాదు. మాస్క్ వేసుకున్న మనిషికి పక్కలు సరిగా కనపడవు. కేప్ కాళ్ళకి అడ్డం పడుతుంది. అలాంటి వాళ్ళని నిజమైన గోడకి వేలాడదీస్తే కొక్కాలు, బెల్టులు, స్టంట్ మనుషులు, ప్రతి టేక్‌కీ బోలెడు సమయం కావాలి. నేల మీదైతే హీరో పాత్రధారులే నడుస్తారు, ముఖాలు దగ్గరగా కనిపిస్తాయి, డైలాగు కూడా అక్కడే చెప్పొచ్చు.

ఇక మీరు చేయాల్సింది.

ఫ్రేమ్ లెక్క ముందు తేల్చుకోండి. చాలామంది దీన్ని షూటింగ్ రోజు తెలుసుకుంటారు. వీడియోను 90 డిగ్రీలు తిప్పుతారు కాబట్టి, చివరికి తెర మీద వెడల్పుగా కనిపించేది షూటింగ్‌లో ఎత్తు అవుతుంది. మీ సినిమా 16:9 అడ్డం ఫ్రేమ్ అయితే ఫోన్‌ని నిలువుగా పట్టుకుని తీయాలి. ఫ్రేమ్‌లో ఎత్తు 4 మీటర్లు పట్టేలా పెట్టుకుంటే నడవడానికి దొరికే దారి రెండుంబావు మీటర్లే. అంటే మూడు నాలుగు అడుగులు వేసేసరికి మనిషి ఫ్రేమ్ దాటిపోతాడు. ఆ రోజుల్లో టీవీ ఫ్రేమ్ 4:3 కాబట్టి అదే 4 మీటర్ల ఎత్తుకి వాళ్ళకి 3 మీటర్ల దారి దొరికింది. మీకు రెండు మార్గాలున్నాయి. ఫోన్‌ని చక్రాల బల్ల మీద పెట్టి నటుడితో పాటు పక్కగా జరపడం ఒకటి. లేదా ఆ షాట్‌ని రీల్ లాగా నిలువు ఫ్రేమ్‌కే అనుకుని, ఫోన్‌ని అడ్డంగా పట్టుకుని తీయడం. అప్పుడు 4 మీటర్ల దారి, రెండుంబావు మీటర్ల ఎత్తు వస్తాయి. గోడ ఎక్కే షాట్‌కి నిలువు ఫ్రేమే ఎక్కువ నప్పుతుంది.

ఫోన్ మామూలు లెన్స్‌తో నిలువుగా పట్టుకుని 4 మీటర్ల ఎత్తు పట్టాలంటే సుమారు 3 మీటర్ల దూరంలో నిలబడాలి. వీడియో మోడ్‌లో కొన్ని ఫోన్లు ఫ్రేమ్‌ని కొంచెం కోస్తాయి కాబట్టి ఇంకో అర మీటరు చోటు ఉంచుకోండి. వైడ్ లెన్స్ వాడొద్దు, ఇటుక వరసలు అంచుల దగ్గర వంగిపోతాయి.

దిక్కులు కూడా కాగితం మీద రాసుకోండి. నటుడు ఎడమ నుంచి కుడికి నడిస్తే, ఎడిటింగ్‌లో వీడియోని గడియారం ముల్లుకి ఎదురు దిశలో 90 డిగ్రీలు తిప్పాలి. అప్పుడు అతను పైకి ఎక్కుతాడు, గోడ తెరకి కుడి పక్కన ఉంటుంది. గోడ ఎడమ పక్కన కావాలంటే కుడి నుంచి ఎడమకి నడిపించి, ముల్లు తిరిగే దిశలో తిప్పాలి. అద్దంలో బొమ్మలా తిరగబడదు కాబట్టి గోడ మీద బోర్డు ఉన్నా ఇబ్బంది లేదు. అక్షరాల తలలు మాత్రం నటుడు నడిచే వైపుకి ఉండాలి.

గోడ. దీన్ని నేల మీదే రంగు వేసి కానిచ్చేయొచ్చు గానీ, ఎత్తు మీద కట్టుకుంటే రెండు లాభాలున్నాయి. ఒకటి, గోడ అంచు దాటాక వెనక నేల కనపడదు, చీకటి మాత్రమే కనిపిస్తుంది. రెండు, కిటికీకి కింద చోటు దొరుకుతుంది. షామియానా వాళ్ళ దగ్గర స్టేజీ బల్లలు అద్దెకి దొరుకుతాయి. 3 అడుగుల ఎత్తువి అడగండి. పొడవు 16 అడుగులు, లోతు 6 అడుగులు ఉంటే సరిపోతుంది. దాని మీద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పరచండి. పల్చటి ప్లైవుడ్ వేస్తే అడుగు వేసినప్పుడల్లా కుంగుతుంది. గోడ కుంగడం చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. చప్పుడు కూడా డొల్లగా వస్తుంది, కాబట్టి ఎలాగూ అడుగుల శబ్దం విడిగా రికార్డు చేసి కలపాలి.

ఇటుకలు గీసేటప్పుడు అందరూ చేసే తప్పు ఒకటుంది: ఇటుక పొడవుని నడిచే దారి వెంబడి గీయడం. తిప్పాక ఇటుకలన్నీ నిలువుగా నిలబడి ఉంటాయి. ఇటుక పొడవు నటుడి దారికి అడ్డంగా ఉండాలి. మన ఇటుక కొలతలే తీసుకోండి: పొడవు 9 అంగుళాలు, ఎత్తు 3, మధ్యలో అర అంగుళం సిమెంటు గీత. ఒక వరసకి ఇంకో వరస సగం ఇటుక జరిపి గీయండి. రంగు మెరవకూడదు. ఎనామిల్ వేస్తే లైటు పడిన చోట నేలలా మెరుస్తుంది. డిస్టెంపర్ కొట్టి, ఆరాక పొడి బ్రష్‌తో నల్లరంగు అక్కడక్కడ పులిమితే పాత గోడలా కనిపిస్తుంది. బూట్ల దుమ్ము అచ్చులు రెండో టేక్ నుంచి కనిపిస్తాయి, ప్రతిసారీ గుడ్డతో తుడవాలి.

నటుల వెనక ఉండే గది గోడ తెర మీద ఆకాశం అవుతుంది. నల్లటి లేదా ముదురు నీలం గుడ్డని ముడతలు లేకుండా బిగించి కట్టండి. ముడతలుంటే వాటి నీడలు భూమి వైపుకి పడతాయి, తెర మీద అడ్డంగా కనిపిస్తాయి. గుడ్డని బల్లలకి కనీసం 6 అడుగుల వెనక్కి పెడితే లైటు దాని మీద పడదు.

తాడు. 10 లేదా 12 మిల్లీమీటర్ల నూలు తాడు తీసుకోండి. నైలాన్ తాడు మెరుస్తుంది, సాగుతుంది. ముందు వైపు కొసని ఫ్రేమ్ బయట, నటుడికి కనీసం 15 అడుగుల ముందు, పలక (బల్లల మీద పరిచిన ప్లైవుడ్) ఎత్తులోనే గట్టిగా కట్టాలి. తెర మీద అది భవనం పైఅంచుకి తగులుకున్న కొక్కెం అన్నమాట. అక్కడి నుంచి తాడు మెల్లగా లేస్తూ నటుడి ఛాతీ ఎత్తుకి రావాలి.

అసలు చిక్కు నటుడి చేతుల వెనక మిగిలిన తాడుతో వస్తుంది. వదిలేస్తే అది నేలకి జారి, తెర మీద తాడు పక్కకి వెళ్ళి గోడకి అంటుకున్నట్టు కనిపిస్తుంది. నిజమైన తాడు అయితే నిటారుగా కిందికి వేలాడాలి. అందుకని వెనక ఒక మనిషి ఫ్రేమ్ బయట నిలబడి ఆ కొసని నటుడి నడుం ఎత్తులో, నేలకి సమాంతరంగా పట్టుకోవాలి. బిగించి లాగితే తీగలా కనిపిస్తుంది, వదిలితే మధ్యలో కుంగుతుంది. కొద్దిగా ఊపుతూ పట్టుకోవాలి. నటుడు ముందుకు పోయినకొద్దీ చేతుల వెనక తాడు పొడవు పెరుగుతుంది, కానీ ముందు కొస కట్టేసి ఉంది కాబట్టి పట్టుకున్న మనిషి తనవైపు లాక్కోకుండా ఉన్నచోటే నిలబడాలి.

కేప్. ఈ ట్రిక్కులో ఎక్కువ తలనొప్పి ఇదే. ఆ సీరియల్‌లో కూడా కేప్‌ని లాగిన తీగలు కొన్ని షాట్లలో దొరికిపోతాయి. బ్లూరే వెర్షన్‌లో ఫ్రేమ్ ఫ్రేమ్ ఆపి చూస్తే మీకే తెలుస్తుంది. హక్కుల చిక్కుల వల్ల చాలా ఏళ్ళు ఆ సీరియల్ డిస్కుల మీద రాలేదు, 2014 నవంబర్‌లో గానీ విడుదల కాలేదు. అంతకుముందు మసక ప్రింట్లలో ఈ వివరాలు పట్టుకోవడం కష్టం.

కేప్‌కి తేలికైన గుడ్డ ఎంచుకోండి. వెల్వెట్ అందంగా ఉంటుంది గానీ బరువుకి మధ్యలో జారిపోతుంది. శాటిన్ మేలు. కింది అంచు మడతలో సన్నటి బైండింగ్ వైరు దూర్చి కుట్టించండి, అప్పుడు అంచు ఒకే పలకలా కదులుతుంది. రెండు మూలలకీ మధ్యకీ మొత్తం మూడు చోట్ల చేపల గాలానికి కట్టే నైలాన్ దారం కట్టండి, 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లది చాలు. ఆ దారం పారదర్శకంగా ఉన్నా లైటుకి మెరుస్తుంది. వెనక నల్ల గుడ్డ ఉంది కాబట్టి నల్ల మార్కర్‌తో దారం పొడవునా ఒకసారి రుద్దితే మెరుపు పోతుంది. మూడు దారాలూ ఒక చిన్న కర్రకి కట్టి, ఆ కర్రని ఒక మనిషి పట్టుకుని నటుడి వెనకే అంతే వేగంతో నడవాలి. మధ్య దూరం మారితే కేప్ ఒకసారి బిగుసుకుని, ఒకసారి కూలిపోతుంది.

లాగే కోణం కూడా ముఖ్యం. సరిగ్గా నేలకి సమాంతరంగా లాగితే కేప్ పలకలా ఉంటుంది. కర్రని భుజం ఎత్తు కంటే జానెడు పైకి పట్టుకుంటే తెర మీద కేప్ గోడకి కొంచెం దూరంగా గాలికి ఊగుతున్నట్టు వస్తుంది. ఫ్యాన్ పెట్టాలనిపిస్తుంది, పెట్టొద్దు. గాలి గుడ్డని నేల వైపుకో పైకో కొడుతుంది గానీ మీకు కావాల్సిన వైపుకి కొట్టదు.

జుట్టుకీ ఇదే నియమం. బ్యాట్‌మన్‌కి తలంతా మాస్క్ ఉంది. రాబిన్‌కి పొట్టి జుట్టు, దువ్వి అంటించినట్టు ఉంటుంది. ఇద్దరి బట్టలూ ఒంటికి అతుక్కున్నవే. సూపర్‌హీరో వేషం ఈ ట్రిక్కుకి పుట్టినట్టే సరిపోయింది. మీ పాత్రలకి వదులు చొక్కా, చున్నీ, మెడలో గొలుసు, పొడుగు జడ ఉంటే కష్టం. జడని లోపలికి ముడిచి పిన్నులు పెట్టండి, గొలుసు తీసేయండి, చొక్కాని ప్యాంటులోకి దోపి లోపల టేప్ అంటించండి.

నటన. నటుడు మామూలుగా నడిస్తే నడిచినట్టే ఉంటుంది. నడుం నుంచి పైభాగం ముందుకి వంగాలి, పిర్రలు వెనక్కి నెట్టి ఉండాలి, మోకాళ్ళు ఎప్పుడూ పూర్తిగా చాచకూడదు. చేతులు ముందుకి చాచి ఉండాలి. క్రమం ఇది: ఒక చెయ్యి ముందుకి వేసి పట్టు బిగించడం, లాగడం, ఆ లాగుడు పూర్తయ్యేటప్పుడు ఒక అడుగు. చెయ్యీ కాలూ ఒకేసారి కదిలితే నకిలీ. అడుగు వేసేటప్పుడు పాదం మొత్తం ఆనించకుండా ముందు మునివేళ్ళు ఆనించి తర్వాత మడమ దించాలి.

దీనికో మంచి ఉపాయం ఉంది. నటుడి బెల్టుకి వెనక ఒక తాడు కట్టి, కేప్ లోపల్నుంచి తీసి, ఒక బలమైన మనిషి చేత నిజంగానే వెనక్కి లాగించండి. 10 నుంచి 15 కిలోల బరువు ఈడ్చినంత లాగుడు చాలు. అప్పుడు నటుడు కష్టపడుతున్నట్టు నటించక్కర్లేదు, మెడ నరాలు వాటంతటవే బిగుస్తాయి, అడుగు ఆలస్యంగా పడుతుంది. తాడు ముందు వైపు కట్టిన కొస బాగా గట్టిగా ఉంటేనే ఇది చేయాలి, లేకపోతే అది ఊడి మనిషి వెనక్కి పడతాడు.

ముఖంలో మాత్రం ఎక్కడా తమాషా కనిపించకూడదు. బ్యాట్‌మన్‌గా వేసిన ఆడమ్ వెస్ట్, రాబిన్‌గా వేసిన బర్ట్ వార్డ్ ఆ సీన్లన్నిటిలో ప్రపంచంలో ఇంతకంటే ముఖ్యమైన పని లేదన్నట్టు మాట్లాడతారు. పక్కన కిటికీలోంచి ఎవరో తల పెట్టి ఏదో అడిగినా మర్యాదగా జవాబు చెప్పి తమ దారిన పోతారు. హాస్యమంతా అక్కడే ఉంది. నటులు నవ్వితే అది వట్టి నేల మీద నడక అయిపోతుంది.

కిటికీ. పలకలో రెండున్నర అడుగుల వెడల్పు, 3 అడుగుల పొడవున రంధ్రం కోయండి, పొడవు నడిచే దారి వెంబడి రావాలి. రంధ్రం చుట్టూ కింద అదనపు సపోర్టు కర్రలు పెట్టాలి. అతిథి పాత్రధారి బల్ల కింద మోకాళ్ళ మీద నిలబడి, ఎక్కి వస్తున్న వాళ్ళ వైపు తిరిగి ఉండాలి. మోకాళ్ళ కింద దిండు వేయండి. బల్ల 3 అడుగులుంటే తల, మెడ, భుజాలు పైకి వస్తాయి. తెర మీద అది కిటికీలోంచి బయటికి వంగి కిందకి చూస్తున్న మనిషిలా కనిపిస్తుంది. మోచేతులు రంధ్రం అంచు మీద, నటులున్న వైపు ఆనిస్తే కిటికీ గడప మీద ఆనించినట్టు వస్తుంది. పాపం, పైన ఉన్న వాళ్ళంత కష్టం ఇతనికి లేదు, అసలు తెర మీద కూడా అతను నింపాదిగా ఉండాలి, వీళ్ళే రొప్పాలి.

కిటికీకి పరదా పెట్టొద్దు, రంధ్రంలోకి జారిపోతుంది. తలుపు రెక్క పెడితే అతిథే చేత్తో తోసి పట్టుకోవాలి, లేదా బందులు బాగా బిగుతుగా ఉండాలి. చేతిలో టీ కప్పు పెట్టాలనే ఆలోచన వస్తే ఖాళీ కప్పు మాత్రమే, అదీ తెర దిక్కు ప్రకారం పట్టుకోవాలి: కప్పు నోరు నటులకి అటువైపు, వాళ్ళు నడిచే దిక్కుకి ఉండాలి.

లైటు విషయంలో తొందరపడకండి. గదిలో పైన ట్యూబులైట్లు వెలుగుతుంటే నీడ సరిగ్గా పాదాల కింద పడుతుంది, తెర మీద గోడకి ఎదురుగా లైటు ఉన్నట్టు అవుతుంది, గోడ ఎత్తు అనిపించదు. అన్నీ ఆర్పేయండి. ప్రధాన లైటుని నటుడికి ముందు 10 అడుగుల దూరంలో, 7 అడుగుల ఎత్తులో, అతని వైపు తిప్పి పెట్టండి. నీడలు వెనక్కి సాగుతాయి, తెర మీద గోడ వెంబడి కిందికి జారతాయి. చందమామ వెలుగు అనుకోవచ్చు. వీధి దీపం వెలుగు కూడా కావాలంటే వెనక నుంచి కింద ఎత్తులో ఇంకో చిన్న పసుపు లైటు చాలు. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఫోన్‌లో సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టుకోండి. 30 ఫ్రేముల్లో తీస్తే కొన్ని ఎల్‌ఈడీ లైట్లు మినుకుమంటాయి. ఎక్స్‌పోజర్, ఫోకస్ రెండూ లాక్ చేయండి.

ఒక్క షాట్‌తో నమ్మించలేరు. ముందూ వెనకా నిజమైన నిలువు షాట్లు కావాలి. సీరియల్‌లో కూడా ముందు బ్యాటరాంగ్ (తాడు కట్టిన గబ్బిలం ఆకారపు కొక్కెం) విసరడం, అది పైన తగులుకోవడం చూపించి అప్పుడు ఎక్కడం చూపిస్తారు. మీరు ఒక నిజమైన గోడ దగ్గర కొక్కెం విసిరే షాట్ తీయండి. తగులుకునే షాట్‌ని తిరగేసి తీయొచ్చు: కొక్కెం పిట్టగోడకి తగిలించి ఉంచి, తాడుతో లాగి కింద పడేయండి, ఎడిటింగ్‌లో వెనక్కి నడిపించండి. తర్వాత నటుడు నిజమైన గోడకి ఒక పాదం ఆనించి తాడు బిగించే దగ్గరి షాట్, మూడు సెకన్లు చాలు. అక్కడి నుంచి పడుకున్న గోడకి కట్ చేయండి. ఆ రెండు గోడల రంగూ ఇటుక కొలతా కలవాలి, అందుకే నిజమైన గోడ ఎంచుకున్నాకే పలకకి రంగు వేయండి. పడుకున్న గోడ షాట్‌ని ఒకేసారి 8 నుంచి 10 సెకన్లకి మించి చూపించొద్దు.

మీరు అడక్కపోయినా ఆ ఎపిసోడ్‌లోవే ఇంకో రెండు చెప్తాను, ఎందుకంటే ఇవి చాలా తేలిక. విలన్ డెన్‌లో కెమెరా ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. వంకర మనుషుల చోటు వంకరగా కనిపించాలన్న ఆలోచన. మీరు 15 నుంచి 20 డిగ్రీలు ఒరిగించండి, అంతకంటే ఎక్కువైతే కళ్ళు తిరుగుతాయి. హీరోలు ఉండే చోట కెమెరా నిటారుగా ఉంటేనే ఆ తేడా తెలుస్తుంది. రెండోది ఫైటింగులో తెర మీద పడే 'పౌ', 'బ్యామ్' అక్షరాలు. మొదటి సీజన్‌లో వాటిని నడుస్తున్న ఫైటు మీదే ల్యాబ్‌లో ముద్రించారు. అది ఖర్చుతో కూడిన పని. తర్వాతి సీజన్లలో రంగు కార్డు మీద అక్షరాలు విడిగా తీసి మధ్యలో అతికించారు. ఇవాళ ఎడిటింగ్ యాప్‌లో మొదటి పద్ధతికి ఖర్చేమీ లేదు కాబట్టి దాన్నే వాడండి. దెబ్బ తగిలిన ఫ్రేమ్ నుంచి 12 ఫ్రేములు ఉంచితే చదవడానికి సరిపోతుంది. తెలుగు అక్షరాలైతే ఒత్తులు లేని పొట్టి మాట ఎంచుకోండి, అరసెకనులో ఒత్తులు కంటికి అందవు.

జాగ్రత్తల్లో ముఖ్యమైనది కిటికీ రంధ్రం. మాస్క్ వేసుకున్న నటుడికి కింద ఏముందో కనపడదు. రిహార్సల్ అంతా రంధ్రం మీద ప్లైవుడ్ మూతని స్క్రూలతో బిగించి చేయండి, టేక్ ముందు మాత్రమే తీయండి, అంచు చుట్టూ నల్ల టేప్ కాస్త మందంగా వేస్తే పాదానికి తెలుస్తుంది. బల్ల వెనక అంచు దగ్గర ఎవరినో ఒకరిని కింద నిలబెట్టండి. ఇదంతా నేల మీద పనే కదా అని నిజమైన గోడ మీద, పిట్టగోడ మీద ఒక్క షాట్ కోసం ఎక్కే ప్రయత్నం ఎవరినీ చేయనివ్వకండి.

సెట్ విప్పే ముందు ప్రతి టేక్‌నీ ఫోన్‌లోనే 90 డిగ్రీలు తిప్పి చూడండి. ఫోన్‌ని చేత్తో పక్కకి తిప్పితే స్క్రీన్ దానంతటదే తిరుగుతుంది, ముందు ఆటో రొటేట్ ఆపేయండి. చూసేటప్పుడు నటుడి ముఖం చూడొద్దు. మొదటిసారి కేప్ అంచు మాత్రమే చూడండి, రెండోసారి చేతుల వెనక తాడు, మూడోసారి పాదాల దగ్గర నీడ. మూడూ తెర అడుగు వైపుకే పోతుంటే ఆ టేక్ పనికొచ్చినట్టు. కేప్ ఒక్కటే కుదరకపోతే మళ్ళీ మొత్తం తీయక్కర్లేదు, నడుం పైభాగం వరకే పట్టేలా దగ్గరి షాట్ ఒకటి తీసి అక్కడ అతికించండి.